వేలంలో పాత ఇంగ్లీషు పింగాణీ కొనడం ఎలా? అడుగున గుర్తు ఆఖర్న చూడండి

పాత పింగాణీ కప్పు చేతికి రాగానే ఎవరైనా ముందు దాన్ని బోర్లించి అడుగున గుర్తు వెతుకుతారు. మీరు మాత్రం ఆ పని ఆఖర్న చేయండి. కింద నేను చెప్పే పద్ధతంతా ఈ ఒక్క మాట మీదే నిలబడుతుంది.

18వ శతాబ్దపు ఇంగ్లాండ్‌లో ఈ గుర్తులకి నేటి ట్రేడ్‌మార్కుకి ఉన్నంత కట్టుదిట్టం లేదు. వూస్టర్ ఫ్యాక్టరీ వాళ్ళు తమ నెలవంక గుర్తుతో పాటు జర్మనీలోని మైసెన్ పింగాణీ ఫ్యాక్టరీ వాళ్ళ అడ్డకత్తుల గుర్తుని కూడా వేసుకున్నారు. చైనా అక్షరాల్లా కనిపించే ఉత్తుత్తి గీతలూ గీశారు. ఆ వూస్టర్ నెలవంకని లోస్టాఫ్ట్ వాళ్ళు అరువు తెచ్చుకున్నారు. చెల్సీ వాళ్ళ లంగరు గుర్తుని 19వ శతాబ్దంలో పారిస్‌లోని సామ్సన్ సంస్థ సహా యూరప్‌లో చాలామంది తమ సరుకు మీద వేశారు. కాబట్టి అసలు వస్తువు మీద పరాయి గుర్తు ఉండొచ్చు. నకలు మీద పేరున్న గుర్తు ఉండొచ్చు. ఎంతో మంచి వస్తువు మీద ఏ గుర్తూ లేకపోనూవచ్చు. మట్టి, దాని మీది మెరుగు (గాజులాంటి పూత), అడుగు కట్టు (వస్తువు ఆనే కింది వలయం) మాత్రం అంత తేలిగ్గా అబద్ధం చెప్పవు.

నేను ఇంగ్లాండ్ నడిమి జిల్లాల్లో ఉంటాను. శనివారాలు వేలంశాలల్లో గడపడం అలవాటైంది. మొదట్లో నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి అడుగు: ఒక ఫ్యాక్టరీని పట్టుకోండి

ఇంగ్లాండ్‌లో పింగాణీ తయారీ 1740ల నడుమ మొదలైంది. లండన్‌లో చెల్సీ ఫ్యాక్టరీని నడిపిన నికొలస్ స్ప్రిమోంట్ వృత్తిరీత్యా వెండిపని చేసేవాడు. అందుకే తొలినాటి చెల్సీ వస్తువుల ఆకారాలు వెండి పాత్రల్ని గుర్తుకు తెస్తాయి. లండన్‌కి తూర్పున బో ఫ్యాక్టరీ వాళ్ళు మట్టిలో ఎముకల బూడిద కలిపారు. తర్వాత డెర్బీ, 1751లో వూస్టర్, 1757లో లోస్టాఫ్ట్, 1770లలో ష్రాప్‌షైర్‌లోని కాఫ్లీ (Caughley) వచ్చాయి. 1768లో విలియం కుక్‌వర్తీ ప్లిమత్‌లో చైనా వాళ్ళ తరహా గట్టి పింగాణీకి పేటెంట్ తీసుకున్నాడు. 1800 ప్రాంతంలో రెండో జొసైయా స్పోడ్ చేతిలో, ఎముకల బూడిద కలిపి చేసే బోన్ చైనా కుదురుకుంది. ఆ తర్వాత ఇంగ్లాండ్ అంతా అదే దారి పట్టింది.

వీటన్నిటినీ ఒకేసారి నేర్చుకోబోతే ఏదీ ఒంటబట్టదు. కొత్తవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే: 1760 నుంచి 1790 మధ్య వూస్టర్‌లో చేసిన నీలం తెలుపు టీ సామాను. పిడిలేని చిన్న టీ గిన్నెలు, సాసర్లు, పాల జగ్గులు, టీ కుండలు. ఇవి ఇప్పటికీ వేలాల్లో దండిగా వస్తాయి. పాత తరం కొనుగోలుదారులు తగ్గడంతో మామూలు నమూనాల ధరలు దిగివచ్చాయి. బీటవారిన టీ గిన్నె, సాసర్ జత 30, 40 పౌండ్లకే పోవడం నేను చాలాసార్లు చూశాను.

ఇన్ని మిగలడానికి కారణం వాటి మట్టిలో ఉంది. కార్న్‌వాల్‌లోని లిజార్డ్ ద్వీపకల్పంలో ఒక రకం మెత్తని రాయి దొరుకుతుంది. చేత్తో తడిమితే సబ్బులా జారుతుంది. మన బలపం రాయి జాతే. బ్రిస్టల్‌లో బెంజమిన్ లండ్ అనే ఆయన ముందుగా దీన్ని పింగాణీ మట్టిలో కలిపాడు. 1752లో వూస్టర్ వాళ్ళు ఆ వ్యాపారాన్ని, దాంతో పాటు ఆ రాయి తెచ్చుకునే హక్కునీ తమలో కలుపుకున్నారు. ఆ రోజుల్లో చాలా ఇంగ్లీషు టీ కుండలు మరిగే నీళ్ళు పోయగానే చిట్లేవి. వూస్టర్ కుండ తట్టుకునేది. ఇళ్ళలో రోజూ వాడారు కాబట్టే ఇన్ని చేశారు, తట్టుకున్నాయి కాబట్టే ఇన్ని మిగిలాయి.

మీ మనసు చెల్సీ బొమ్మల మీదో, రంగుపూల డెర్బీ పళ్ళేల మీదో ఉంటే అటే వెళ్ళండి. కాకపోతే ఆ దారిలో నకళ్ళు ఎక్కువ, తప్పు చేస్తే పడే దెబ్బా పెద్దది.

రెండో అడుగు: కొనకుండా చూడండి, ముట్టుకోండి

లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం పై అంతస్తు నిండా పింగాణీ, కుండల సామానే. ప్రవేశం ఉచితం. వూస్టర్ ఊళ్ళో సెవర్న్ స్ట్రీట్‌లో ఆ ఫ్యాక్టరీ మ్యూజియం ఉంది. అక్కడ ఒకే ఫ్యాక్టరీ సరుకు కాలక్రమంలో కనిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకి దానంత మంచి చోటు లేదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సాలార్ జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ ఉన్న గదులకి వెళ్ళి ఒక పూట గడపండి. ఈసారి బొమ్మల అందం పక్కన పెట్టి తెలుపులో తేడాలు గమనించండి. ఒకటి పాలమీగడ తెలుపు, ఒకటి నీలం చాయ, ఇంకోటి బూడిద చాయ. ఆ తేడా కంటికి ఆనడమే మొదటి పాఠం.

మ్యూజియంలో అద్దం అడ్డం. వేలంశాలలో అది ఉండదు, అక్కడ చదువు చేతులకి అందుతుంది. వేలానికి ఒకటి రెండు రోజుల ముందు వస్తువుల్ని జనం చూడటానికి పెడతారు. వ్యూయింగ్ డే అంటారు. టికెట్ ఉండదు, కొనాలన్న బలవంతమూ ఉండదు. అద్దాల బీరువాలోది చూడాలంటే అక్కడి మనిషిని అడిగితే తీసి ఇస్తారు. కనీసం నాలుగైదు వ్యూయింగ్‌లకి వెళ్ళి, వందకి తక్కువ కాకుండా ముక్కలు చేత్తో పట్టుకున్నాకే పాటకి దిగండి.

పట్టుకునే తీరు ఉంటుంది. చేతికి గాజులు, ఉంగరాలు ఉంటే తీసేయండి. మూత ఉన్న వస్తువైతే ముందు మూత తీసి పక్కన పెట్టండి. పిడి పట్టుకుని ఎత్తొద్దు, అది రెండువందల యాభై ఏళ్ళ కిందట అతికించిన పిడి. రెండు చేతులతో ఒళ్ళు పట్టుకుని, బల్లకి బెత్తెడు ఎత్తులోనే తిప్పి చూడండి.

మూడో అడుగు: మొదటి కొనుగోలు పగిలినదై ఉండాలి

ఇది వినగానే చాలామంది మొహం చిట్లిస్తారు. నేను మాత్రం గట్టిగా చెబుతాను. పగిలిన అంచు దగ్గర మెరుగు లేని లోపలి మట్టి కనిపిస్తుంది. వూస్టర్ మట్టి బిగుతుగా, నున్నగా ఉంటుంది. బో మట్టి ముతకగా ఉంటుంది, బీటలోంచి లోపలికి మరక పాకుతుంది. పుస్తకంలో పదిసార్లు చదివినా రానిది, ఒక్క పెచ్చు ఊడిన చోట భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది.

నా దగ్గర ఒక వూస్టర్ సాసర్ ఉంది. మూడు ముక్కలైంది, ఎవరో పూర్వకాలంలో వెనకవైపు లోహపు మాట్లు వేయించారు. ఇత్తడి బిందెకి మాటు వేయించినట్టు, పింగాణీకి సన్నని రంధ్రాలు తొలిచి తీగ కొక్కేలు దిగేశారు. రంధ్రం ఆ పక్కకి బయటపడదు, మందంలో సగం వరకే. ఆ పనితనం చూస్తే ఆ సాసర్ ఒక ఇంటికి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. దాన్ని 15 పౌండ్లకి కొన్నాను. ఇప్పటికీ కొత్త ముక్క ఏదైనా చూసొచ్చాక ఆ సాసర్ తీసి పోల్చుకుంటాను.

నాలుగో అడుగు: కేటలాగ్‌లో ప్రతి మాటా తూచి చదవండి

వేలానికీ ఈ పింగాణీకీ పుట్టుకతోనే సంబంధం. 1755లో చెల్సీ ఫ్యాక్టరీ తన సరుకుని లండన్‌లో రోజుల తరబడి వేలం వేసింది. ఆ కేటలాగ్ నేటికీ ఉంది, ఏ వస్తువుని అప్పట్లో ఏమని పిలిచారో అందులో చూసే పరిశోధకులు తేల్చుకుంటారు. నేటి కేటలాగ్‌ని కూడా అంత శ్రద్ధగా చదవాలి.

‘వూస్టర్ టీ గిన్నె, సుమారు 1770’ అని రాస్తే అది వేలం సంస్థ అభిప్రాయం. ‘వూస్టర్‌కి ఆపాదించినది’ అంటే వాళ్ళకే పూర్తి నమ్మకం లేదు. ‘వూస్టర్ శైలిలో’ అంటే వూస్టర్ కాదనే అనుకోండి. ఏ/ఎఫ్ అని రెండక్షరాలు కనిపిస్తే ఎక్కడో దెబ్బ ఉంది, ఉన్నది ఉన్నట్టు తీసుకోమని అర్థం. దెబ్బల ఊసే లేదంటే దెబ్బలు లేవని కాదు. చాలా చిన్న వేలంశాలలు వర్ణనలో లోపాలు రాయవు, అడిగితేనే చెబుతాయి.

ఎస్టిమేట్ అని ఇచ్చేది అంచనా మాత్రమే. అమ్మేవాడు ఇంతకి తక్కువకి ఇవ్వనని ముందే చెప్పుకున్న రిజర్వు ధర సాధారణంగా కింది అంచనా దగ్గరగానో, దానికి తక్కువగానో ఉంటుంది. ఊరించేంత తక్కువ అంచనా చూసి ఆశపడొద్దు. జనాన్ని రప్పించడానికి అలా వేయడం ఉంది.

పది పన్నెండు వస్తువుల్ని ఒకే లాట్‌గా కలిపి అమ్మేవి వదలకండి. ‘రకరకాల నీలం తెలుపు సామాను’ అన్న పేరుతో వచ్చే ఆ అట్టపెట్టెల్లోనే గుర్తుపట్టని మంచివి దొరుకుతాయి. నేను ఇష్టంగా చూసేది అవే.

అయిదో అడుగు: బల్ల దగ్గర పరీక్ష

ఇక్కడ తొందర పనికిరాదు. వ్యూయింగ్‌కి వెళ్ళేటప్పుడు చిన్న టార్చి (ఫోన్ లైటు చాలు), పదింతలు పెద్దది చేసి చూపే భూతద్దం, నోట్‌బుక్ తీసుకెళ్ళండి.

ముందు ఆకారం చూడండి. ఆ కాలానికి తగ్గ ఆకారమేనా? 1770 నాటి వూస్టర్ పాల జగ్గుకి పిచ్చుక ముక్కులా ముందుకి పొడుచుకొచ్చిన చిన్న మూతి ఉంటుంది. సేకర్తలు దాన్ని స్పారో బీక్ జగ్గు అనే పిలుస్తారు. మూత ఉన్నదైతే మూత మీది నీలం, కుండ మీది నీలం ఒకటేనా, మూత సరిగ్గా కూర్చుంటుందా చూడండి. రెండు వేర్వేరు కుండలవి జత చేసి పెట్టడం మామూలే.

తర్వాత వెలుతురు. గిన్నె లోపల టార్చి పెట్టి బయటినుంచి చూడండి. వూస్టర్ మట్టి లేత ఆకుపచ్చ చాయలో వెలుగుతుంది. కాఫ్లీ మట్టి ఎక్కువగా నారింజ చాయ తిరుగుతుంది. బో మందంగా ఉంటే వెలుతురే రాదు. గట్టి పింగాణీతో చేసిన పారిస్ నకలైతే చల్లని తెలుపు. ఈ ఒక్క పరీక్షతో అన్నీ తేలవు, కానీ సగం అనుమానాలు తీరతాయి.

మెరుగు మీద లైటు ఏటవాలుగా వేయండి. వూస్టర్ మెరుగులో సన్నని పగుళ్ళ వల సాధారణంగా ఉండదు. ఆ వల కనిపిస్తే, అడుగు దగ్గర గోధుమరంగు మరకలు పాకి ఉంటే, మరో ఫ్యాక్టరీ గురించి ఆలోచించండి.

ఇప్పుడు బోర్లించండి, కానీ గుర్తు వైపు చూడకుండా అడుగు కట్టు వైపు చూడండి. వూస్టర్ టీ గిన్నె అడుగు కట్టు అడ్డుకోతలో త్రికోణంలా దిగువకి సన్నబడుతుంది. కాఫ్లీది ఎక్కువగా చతురస్రంలా ఉంటుంది. కట్టు లోపలి అంచు వెంట మెరుగు లేని సన్నని చార ఉందా? కాల్చేటప్పుడు మెరుగు కారి అంటుకోకుండా ఆ చోట గీకి తీసేసేవారు. అది వూస్టర్‌లో చాలా మామూలు, కానీ వేరేవాళ్ళూ చేశారు కాబట్టి దాన్నొక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకోవద్దు. లోస్టాఫ్ట్ ముక్కల్లో కట్టు లోపలి గోడ మీద పనివాడు వేసిన చిన్న నీలం అంకె కనిపించొచ్చు.

ఈ చూపు ఎంత సూక్ష్మంగా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. వూస్టర్ వాళ్ళూ, కాఫ్లీ వాళ్ళూ కూడా రాగి పలకల మీద చెక్కి ముద్ర వేసిన నమూనా ఒకటుంది, దాన్ని ఫిషర్‌మన్ అంటారు. చైనా దృశ్యం, పడవలు, చేపలు పట్టే మనుషులు. దూరం నుంచి రెండూ అచ్చు ఒకటే. భూతద్దం పెట్టి నిలబడ్డ మనిషి చేతిలోని చేపని చూడండి. కాఫ్లీ చేప పొట్టిగా, లావుగా ఉంటుంది. వూస్టర్ చేప సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కూర్చున్న మనిషి గాలం తాడు కాఫ్లీలో బిగుసుకుని తిన్నగా ఉంటుంది, వూస్టర్‌లో వదులుగా వంపు తిరుగుతుంది. నేను మొదటిసారి రెండు సాసర్లు పక్కపక్కన పెట్టి ఆ రెండు చేపల్ని చూసినప్పుడు, రెండు రాగి పలకలు చెక్కిన రెండు చేతులు నా కళ్ళెదుట కదిలినట్టు అనిపించింది. ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ క్షణమే.

ఇక దెబ్బలు. వేలి కొసతో అంచంతా నెమ్మదిగా తడమండి. పెచ్చు ఊడిన చోటు కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. గిన్నెని అరచేతిలో ఆనించి అంచు మీద గోటితో చిన్నగా తట్టండి. గంటలా మోగితే మంచిదే, మొద్దు శబ్దం వస్తే ఎక్కడో బీట ఉంది. వెంట్రుకంత బీట టార్చి వెలుతురులో గీతలా బయటపడుతుంది. కాల్చేటప్పుడే వచ్చిన పగులైతే దాని అంచులు కాస్త తెరుచుకుని, మెరుగు లోపలికి పారి ఉంటుంది. దాన్ని సేకర్తలు పెద్ద లోపంగా లెక్కపెట్టరు. టీ గిన్నె అడుగున నక్షత్రంలా మూడు నాలుగు కొమ్మలతో విచ్చుకున్న బీట మాత్రం తర్వాతి దెబ్బే.

బాగుచేసి రంగేసిన చోటు కనిపెట్టడం అన్నిటికంటే కష్టం. అతుకు చోట మెరుగు కాస్త మెత్తగా, వెచ్చగా తగులుతుంది. అసలు పింగాణీ ఎప్పుడూ చల్లగా ఉంటుంది. జగ్గు మూతి, టీ కుండ కొమ్ము, మూత మీది బొడిపె, పిడి అతికిన చోటు, పళ్ళెం అంచు: ఈ అయిదు చోట్లా ఓపిగ్గా చూడండి. అల్ట్రావయొలెట్ లైటు ఉంటే చీకటి మూలలో వేసి చూడండి, తర్వాత పూసిన రంగు చాలావరకు వేరుగా వెలుగుతుంది.

ఖరీదైన రంగుల వూస్టర్ జోలికి వెళితే ఇంకో జాగ్రత్త కావాలి. వెనకటికి కొందరు మామూలు ముక్కల మీది రంగుల్ని తీసేసి, ఖరీదు పలికే ఆకుపచ్చ, నీలం పూతలు వేసి మళ్ళీ కాల్చారు. మట్టి అసలుదే, పైపూత మోసం. రెండోసారి మంట తగిలిన ఆనవాళ్ళు మిగులుతాయి: మెరుగులో నల్లని చుక్కలు, బుడగలు, అడుగు కట్టు చుట్టూ గోధుమరంగు మరక.

ఇదంతా అయ్యాక గుర్తు చూడండి. అప్పటికి మీ మనసులో ఒక జవాబు ఉంటుంది. గుర్తు దానికి సాక్ష్యం చెబుతుందా, ఎదురు తిరుగుతుందా అన్నదే ఇక మిగిలేది. వూస్టర్‌లో చేత్తో రంగేసిన వాటికి ఖాళీ నెలవంక, ముద్ర వేసిన వాటికి లోపల గీతలు నింపిన నెలవంక ఉంటుంది. రెండూ తారుమారైతే ఆగి ఆలోచించండి. అంకెల్ని చైనా అక్షరాల్లా అలంకరించిన గుర్తుల్ని ఒకప్పుడు అందరూ కాఫ్లీవి అనుకున్నారు. వూస్టర్ ఫ్యాక్టరీ చోట తవ్వకాల్లో ఆ గుర్తులున్న ముక్కలు బయటపడ్డాక అవి వూస్టర్‌వేనని తేలింది. పాత పుస్తకాల్లో, పాత చీటీల మీద ఇంకా కాఫ్లీ అనే కనిపిస్తుంది. అసలు చెల్సీ లంగరు చాలా చిన్నది, అర సెంటీమీటరు చుట్టుపక్కల. అడుగున మధ్యలో కొట్టొచ్చినట్టు పెద్ద బంగారు లంగరు కనిపిస్తే ఆ వస్తువుని మెల్లగా కింద పెట్టేయండి.

19వ శతాబ్దపు సరుకులో గుర్తు విలువ పెరుగుతుంది. వజ్రం ఆకారంలో ఉన్న రిజిస్ట్రేషన్ ముద్ర 1842 నుంచి 1883 వరకు వాడారు. అది నమూనా నమోదైన తేదీ చెబుతుంది, వస్తువు చేసిన తేదీ కాదు. అమెరికా దిగుమతి చట్టం వల్ల 1891 నుంచి ‘ఇంగ్లాండ్’ అన్న మాట గుర్తులో చేరింది. ‘మేడ్ ఇన్ ఇంగ్లాండ్’ అని ఉంటే 20వ శతాబ్దమే అనుకోండి. 1770 నాటిదని చెప్పే కప్పు అడుగున ఆ మాట ఉంటే ఇక చర్చ అక్కర్లేదు.

ఆరో అడుగు: వెళ్ళలేకపోతే అడగండి

నేను చేసిన తప్పు చెబుతాను. ఒకసారి దూరపు ఊళ్ళో వేలానికి వెళ్ళలేక, ఫొటోలు చూసి ఆన్‌లైన్‌లో స్పారో బీక్ జగ్గు ఒకటి 180 పౌండ్లకి పాడాను. వస్తువు ఏ స్థితిలో ఉందో వేలం సంస్థ రాసిచ్చే కండిషన్ రిపోర్ట్ అడగలేదు. ఇంటికొచ్చాక గోరువెచ్చని నీళ్ళలో ముంచాను. అయిదు నిమిషాల్లో ఆ పిచ్చుక ముక్కు కొస మెత్తబడి, మీది తెల్లరంగు పొరలా లేచొచ్చింది. ముక్కు సగం వరకు కొత్తగా కట్టినదే. వాళ్ళకి రాశాను. కేటలాగ్‌లో దెబ్బ లేదని మేం రాయలేదు కదా అన్నారు. షరతుల ప్రకారం అది నిజం. ఆ జగ్గు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి వేలానికి కనీసం ఒక రోజు ముందు రాతపూర్వకంగా అడగండి. ‘బాగుందా?’ అని అడిగితే ‘వయసుకి తగ్గట్టు బాగుంది’ అంటారు, అది మీకు ఉపయోగపడదు. విడివిడిగా అడగండి: అంచు మీద పెచ్చులున్నాయా? తడితే మోగుతుందా? మూతి, పిడి, కొమ్ము దగ్గర బాగుచేసిన ఆనవాళ్ళున్నాయా? అల్ట్రావయొలెట్ లైటు కింద చూశారా? టార్చి వెలుతురులో ఏ చాయ వస్తోంది? అడుగు ఫొటో, అంచు ఫొటో, వెలుతురు వెనకనుంచి పడేలా ఒక ఫొటో పంపగలరా? మంచి సంస్థలు ఓపిగ్గా పంపుతాయి. జవాబే రాకపోతే ఆ లాట్ వదిలేయండి.

హైదరాబాద్ నుంచో, విజయవాడ నుంచో, అమెరికా నుంచో పాడేవాళ్ళకి ఇదొక్కటే కన్ను. దేశం దాటే వస్తువుకి కస్టమ్స్ సుంకం ఎంతో, మీ చిరునామాకి పంపే ప్యాకింగ్ వాళ్ళు ఎంత తీసుకుంటారో పాటకి ముందే కనుక్కోండి.

ఏడో అడుగు: లెక్క వెనక నుంచి మొదలుపెట్టండి

సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. దాని మీద బయ్యర్స్ ప్రీమియం అని వేలం సంస్థ వాటా ఉంటుంది. సంస్థని బట్టి మారుతుంది, 25 శాతం అనుకుందాం. ఆ వాటా మీద 20 శాతం వ్యాట్. అంటే 200 పౌండ్లకి సుత్తి పడితే 50 ప్రీమియం, 10 వ్యాట్, మొత్తం 260. ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే అది ఇంకో 5 శాతం తీసుకుందనుకోండి: 10 పౌండ్లు, దాని మీద 2 వ్యాట్. 272 అయింది. ప్యాకింగ్, పంపడం 30 అనుకుంటే 302. రెండువందలనుకున్నది మూడువందలైంది.

అందుకే తలకిందులుగా లెక్కేయండి. మీరు మొత్తం పెట్టగలిగింది 200 అయితే, రవాణా 30 తీసేస్తే 170. పైన 200కి 272 అయింది, అంటే 1.36 రెట్లు. 170ని 1.36తో భాగిస్తే 125. ఆన్‌లైన్‌లో మీ ఆఖరి పాట 125. ఆ అంకెని కాగితం మీద రాసి కళ్ళెదుట పెట్టుకోండి. కొన్ని లాట్ల పక్కన చిన్న గుర్తు ఉంటుంది, వాటికి సుత్తి ధర మీద కూడా పన్ను పడుతుంది. షరతుల పేజీ ఒక్కసారి చదివితే తెలుస్తుంది.

ఎనిమిదో అడుగు: పాట రోజు

పేరు నమోదు చేయించుకుంటే నంబరున్న చిన్న అట్ట ఇస్తారు. గుర్తింపు కార్డు, బ్యాంకు కార్డు వెంట ఉంచుకోండి. గంటకి వంద లాట్ల దాకా నడుస్తాయి కాబట్టి మీ లాట్ ఎప్పుడొస్తుందో ఉజ్జాయింపుగా లెక్కేసుకోవచ్చు.

మన ఊళ్ళలోలా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అంటారని కాచుకుని కూర్చోవద్దు. చాలాచోట్ల ఒక హెచ్చరిక, వెంటనే సుత్తి దెబ్బ. మొదటి పాట మీరే పాడనక్కర్లేదు. ఇద్దరు పోటీపడుతున్నప్పుడు ఒకరు ఆగేవరకు చూసి, అప్పుడు అట్ట స్పష్టంగా ఎత్తండి. మీ అంకె దాటగానే తల అడ్డంగా ఊపండి, వేలందారు మళ్ళీ మీ వైపు చూడడు. సుత్తి పడితే కొన్నట్టే, మనసు మార్చుకునే వీలు లేదు.

తెలుగులో వేలంవెర్రి అన్న మాట ఊరికే పుట్టలేదు. పక్కవాడు చెయ్యెత్తినకొద్దీ ఆ వస్తువు విలువ మన కళ్ళలో పెరుగుతుంది. మీకు ఆ భయం ఉంటే గదిలో కూర్చోకండి. కమిషన్ బిడ్ ఇవ్వండి, అంటే మీ గరిష్ఠ అంకె ముందే రాసిచ్చి వెళ్ళిపోవడం. మీ తరఫున వేలందారే, అవతలి పాటనీ రిజర్వునీ దాటడానికి ఎంత అవసరమో అంతవరకే పాడతాడు. చాలామంది 100 దగ్గరో 150 దగ్గరో ఆగిపోతారు. మీ అంకె అలాంటి గుండ్రని సంఖ్య అయితే, జేబు ఒప్పుకుంటే ఒక మెట్టు పైకి వేసి 110 అనో 160 అనో రాయండి. ఒక్క మెట్టే.

పోయిన లాట్ల సుత్తి ధరలు కూడా నోట్‌బుక్‌లో రాసుకోండి. ఏడాది తిరిగేసరికి మీకు కావాల్సిన ధరల పుస్తకం మీ చేతిరాతలోనే తయారవుతుంది.

ఇంటికి తెచ్చాక

వీలైతే మీరే వెళ్ళి తెచ్చుకోండి. చాలా కొరియర్ సంస్థలు పింగాణీ పగిలితే పరిహారం ఇవ్వవు. మూత విడిగా చుట్టండి. పింగాణీకి ముందు తెల్లని పలచటి కాగితం, దానిపైన బుడగల కాగితం, పెట్టెలో ఇంకో పెట్టె. బంగారు పూత ఉన్నదాన్ని వార్తాపత్రికలో చుట్టొద్దు.

కడిగే ముందు ఒక రోజు ఆగి మళ్ళీ పరీక్షించండి. అతుకు ఉందని అనుమానముంటే నీళ్ళలో ముంచకుండా తడిగుడ్డతో తుడవండి. బాగున్నదైతే ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క సబ్బు. ఒకసారికి ఒకటే. మరకలు పోవడానికి బ్లీచ్ వాడొద్దు, దాని ఉప్పు మెరుగు కిందకి చేరి గడ్డకట్టి పొరలు లేపుతుంది. వీటిలో టీ తాగాలని ఎంత మనసైనా వద్దు, ఆ కాలపు మెరుగులో సీసం ఉంది.

అడుగున పాత కాగితపు చీటీ ఏదైనా అంటి ఉంటే దానికి నీళ్ళు తగలనివ్వకండి. అది ఒకప్పటి సేకర్తదో, దుకాణందో కావచ్చు, ఆ గిన్నె ఎవరి చేతులు మారిందో చెప్పేది అదొక్కటే. మీ వివరాలు వేరే చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాయండి: వేలం తేదీ, లాట్ నంబరు, సుత్తి ధర, మొత్తం అయిన ఖర్చు, టార్చి వెలుతురులో కనిపించిన చాయ, దెబ్బలు ఎక్కడెక్కడ. దాన్ని మడిచి గిన్నె లోపల వేసి ఉంచండి. టేపుతో అంటించొద్దు, తీసేటప్పుడు బంగారు పూత దాంతో పాటే ఊడొస్తుంది.